లిటిల్ లీగ్ చాలా, ట్రావెల్ టీమ్‌కి పంపాలా?

ఫ్రిస్కో నాన్న: మా వాడికి పదేళ్లు, లిటిల్ లీగ్‌లో, అంటే ఇక్కడి పిల్లల బేస్‌బాల్ లీగ్‌లో, ఇది రెండో సీజన్. కోచ్ మంచాయనే కానీ వీణ్ణి ఎప్పుడూ మైదానం కుడి చివర, రైట్ ఫీల్డ్‌లోనే నిలబెడతాడు. అక్కడికి బంతి వస్తేగా, గడ్డి పీక్కుంటూ ఉంటాడు. ఇప్పుడు బయట టోర్నమెంట్లకి తిరిగే ఓ ట్రావెల్ టీమ్ వాళ్లు పిచర్‌గా, అంటే బంతి విసిరేవాడిగా, తీసుకుంటామంటున్నారు. చేర్చమంటారా?

ఎడిసన్ అమ్మ: తొందరపడకండి. మావాడు శనివారం లీగ్‌లో 60 బంతులు వేశాడు. ఆదివారం ట్రావెల్ టీమ్ టోర్నమెంట్‌లో మళ్లీ వేయించారు. లిటిల్ లీగ్‌లో 9-10 ఏళ్ల వాళ్లకి రోజుకి 75 బంతులే, 51 నుంచి 65 దాకా వేస్తే మూడు రోజులు, 66 దాటితే నాలుగు రోజులు రెస్ట్ ఇవ్వాలి. రూల్ ఉంది సరే, రెండు టీమ్‌ల లెక్క కలిపి చూసేదెవరు? మేమూ చూడలేదు లెండి. సోమవారం పొద్దున వాడు ఎడమ చేత్తో పళ్లు తోముకుంటుంటే అప్పుడు అర్థమైంది. మోచేతిలో ఎముక పెరిగే చోట దెబ్బతింది, రెండు నెలలు బంతి ముట్టుకోవద్దన్నారు.

పాత బౌలర్: ఇక్కడ అసిస్టెంట్ కోచ్‌ని, గుంటూరులో టెన్నిస్ బాల్ క్రికెట్ ఆడి పెరిగినవాణ్ణి. హైదరాబాద్ నుంచి కొత్తగా వచ్చిన పిల్లాడొకడు బంతి కొట్టి అక్కడే నిలబడిపోయాడు. పరిగెత్తరా అంటే, "రన్ రాదు కదా అంకుల్!" వాడిదేం తప్పు, క్రికెట్‌లో అది తెలివైన పనే. మొదట్లో నేను మోచెయ్యి ఎత్తు, భుజం తిప్పు అని ఒకటే నస పెట్టేవాణ్ణి, దాంతో పిల్లలు కొయ్యబారిపోయేవాళ్లు. ఇప్పుడు బ్యాటర్ నిలబడే ప్లేట్ వెనక బకెట్ పెట్టి దాన్ని కొట్టమంటాను, అంతే, చెయ్యి దానంతటదే కుదురుతోంది. ఈ వయసులో ఒకే పొజిషన్‌కి కట్టేయకూడదని నా అభిప్రాయం.

డల్లాస్ బాబాయ్: అందరికీ అన్నీ అంటే ఎలా అన్నా? మొన్న 18-2తో ఓడి మావాడు కారులో ఇంటిదాకా ఏడ్చాడు. గెలుపు రుచి కూడా తెలియాలిగా.

పాత బౌలర్: తెలియాలి, కాదనను. కానీ గెలవడానికి ఉన్న ఒక్క గట్టి చేతినే అరగదీస్తారు, నా గొడవ అదీ. ఒక మ్యాచ్‌లో 41 బంతులు వేసినవాణ్ణి ఆ రోజు ఇక క్యాచర్‌గా (బ్యాటర్ వెనక బంతి పట్టేవాడిగా) పెట్టకూడదని రూల్ ఊరికే పెట్టలేదు, క్యాచర్ కూడా మ్యాచంతా విసురుతూనే ఉంటాడు. పెద్దవాళ్ల ప్రొఫెషనల్ మేజర్ లీగ్, యూఎస్ఏ బేస్‌బాల్ సంస్థ కలిసి 2014లో తెచ్చిన పిచ్ స్మార్ట్ అనే సూచనలు అయితే 9-12 ఏళ్ల పిల్లలకి ఏడాదిలో కనీసం నాలుగు నెలలు విసరడమే వద్దంటాయి. ఫ్రిస్కో అన్నా, ట్రావెల్ కోచ్‌ని ముందు ఈ రెస్ట్ సంగతి అడగండి. నసిగాడంటే ఆలోచించుకోండి.

ఫ్రిస్కో నాన్న: అందరికీ థ్యాంక్స్. అడిగాను, "మేం చూసుకుంటాం" అన్నాడు, అంతకుమించి ఏమీ చెప్పలేదు. ఈ సీజన్‌కి లీగే. మా కోచ్‌తో కూడా మాట్లాడితే వచ్చే వారం నుంచి రెండు ఇన్నింగ్స్ సెకండ్ బేస్ ఇస్తానన్నాడు. ఇంటికొచ్చి సంబరంగా చెప్తే మావాడి మొహం వాడిపోయింది. రైట్ ఫీల్డ్ పక్కనే, సెంటర్ ఫీల్డ్‌లో ఉండేది వాడి దోస్తంట, ఆట మధ్యలో కబుర్లు పోతాయని బాధ!