లాస్ వేగాస్ పేకాట సాహసమా, బాధ్యతలేనితనమా?

కొబ్బరాకు (రావులపాలెం): అమెరికా కొరియర్ కంపెనీ ఫెడెక్స్ స్థాపకుడు ఫ్రెడ్ స్మిత్ 2025 జూన్‌లో మరణించారు. కంపెనీ ఆరంభ దినాలలో ఖాతాలో 5,000 డాలర్లే మిగిలితే, ఆయన వాటిని లాస్ వేగాస్‌కు పట్టుకెళ్లి, బ్లాక్‌జాక్ అనే పేకాటలో 27,000 చేసి విమానాల ఇంధనపు బాకీకి సర్దారని చెబుతారు. నేను దీనిని సాహసమే అంటాను.

గోస్తనీ తీరం (తణుకు): భీమవరంలో సంక్రాంతి బరి దగ్గర పంచాయతీ సొమ్ము పందెం కాసి గెలిచినవాణ్ని కూడా సాహసి అంటారా?

కొబ్బరాకు: మీరు పేక దగ్గరే ఆగిపోయారు. 25 నగరాలను ఒకదానితో ఒకటి నేరుగా కలపాలంటే 300 దారులు కావాలి. సరుకంతా రాత్రికి రాత్రి ఆయన కేంద్రంగా ఎంచుకున్న అమెరికా నగరం మెంఫిస్‌కు చేర్చి, అక్కడ వేరుచేసి, తెల్లవారేలోగా తిప్పి పంపితే 25 దారులు చాలు. సేవలు మొదలైన 1973 ఏప్రిల్ 17 రాత్రి 14 ఫాల్కన్ విమానాలలో వెళ్లినవి 186 పార్సిళ్లే అయినా, నిలబడింది ఆ లెక్క.

లంకవాసి: మామిడికుదురు పార్సిలు రాజోలు చేరడానికి విజయవాడ తిరిగి వస్తోంది. ఆ పుణ్యం ఈయనదేనన్నమాట.

మాజీ ఏజెంటు (అమలాపురం): నేను ఏడేళ్లు కొరియర్ ఏజెన్సీ నడిపాను. తెల్లవారుజామున బస్సు దిగిన మూటలను ఇద్దరు కుర్రాళ్లతో కలిసి ఉప్పలగుప్తం దాకా సైకిళ్ల మీద పంచాను. కంపెనీ విస్తరిస్తున్నదంటూ యాజమాన్యం మా కమీషన్ పది నెలలు ఆపి, చివరకు డిపాజిట్ కూడా ఎగవేసింది. కుర్రాళ్ల జీతాలకు నా భార్య గాజులు అమ్మాను. స్మిత్ పైలట్లు సొంత క్రెడిట్ కార్డులతో ఇంధనం పోయించారని కూడా గొప్పగా చెప్పుకుంటారు. అది ఎవరి సాహసమండీ?

గోస్తనీ తీరం: జూదం సంగతి మళ్లీ పక్కకు పోయింది.

కొబ్బరాకు: మీ డిపాజిట్‌కూ మెంఫిస్‌కూ సంబంధమేమిటి? ఆయన తండ్రి నుంచి వచ్చిన ఆస్తిని కూడా ఒడ్డారు. మీలా లెక్కలు చూసుకుంటూ కూర్చుంటే ఈ జిల్లాలో ఎవరూ ఏ వ్యాపారమూ పెట్టరు.

మాజీ ఏజెంటు: కూర్చున్నవాణ్ని కాదు, మునిగినవాణ్ని. తనది ఒడ్డితే నాకు అభ్యంతరం లేదు. పక్కవాడి జీతాన్ని అడగకుండా ఒడ్డి, గెలిచాక అది తన ధైర్యమని చెప్పుకోవడమే నాకు మింగుడుపడదు. ఇంతకూ చనిపోయిన అమెరికా ఆసామి కోసం మీకింత కోపమెందుకు?

కొబ్బరాకు: దాచడమెందుకు. ఆత్రేయపురం పూతరేకులు, కడియం మొక్కలు మరునాటికల్లా హైదరాబాద్ గుమ్మాలకు చేర్చే వ్యాపారం పెడతానని మా అబ్బాయి పట్టుబట్టాడు. ఎకరంన్నర కొబ్బరితోట తాకట్టుకు సోమవారం బ్యాంకుకు వెళ్లాలి.

మాజీ ఏజెంటు: అబ్బాయి ఆలోచన మంచిదే, పూతరేకు నలగకుండా చేరితే. తోట ఎవరి పేరున ఉంది?

కొబ్బరాకు: మా ఆవిడ పేరున. పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చినది. ఆవిడకు ఇంకా చెప్పలేదు.