పాపకు పాఠం వచ్చు, ప్రశ్నే అర్థం కాలేదు. ఆరో తరగతి ఇంగ్లిష్ మీడియంలో ఏం చేయాలి?

ప్రశ్న (సైన్స్ టీచర్, చిత్తూరు దగ్గర):

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో సైన్స్ చెప్తాను. పోయిన వారం ఆరో తరగతికి వేర్ల పాఠం మీద స్లిప్ టెస్ట్ పెట్టినాను. 'డిఫరెన్షియేట్ బిట్వీన్ ట్యాప్ రూట్ అండ్ ఫైబ్రస్ రూట్' అని ఒక ప్రశ్న, అంటే తల్లివేరుకూ పీచువేర్లకూ తేడా రాయమని. ఈ ఏడే మా బడిలో చేరిన పాప ఒకటుంది. ఐదో తరగతి దాకా చేతిలో ఇంగ్లిష్ పుస్తకమే, చెవిన పడింది మాత్రం తెలుగు. ఆ ప్రశ్ననే ముత్యాల్లాంటి అక్షరాలతో మూడుసార్లు ఎత్తి రాసి, కింద గీత కొట్టి ఇచ్చింది. సున్నా వేసినాను.

సాయంత్రం ఆటల పీరియడ్‌లో గ్రౌండ్ పక్కన కలుపు పీకిస్తా ఉంటే అదే పాప గరిక దుబ్బు ఒకటి, తోటకూర మొక్క ఒకటి పట్టుకొని వచ్చింది. "మేడమ్, గరిక పీకితే మన్నుగడ్డతో సహా వస్తుంది, దానికి పీచు మాదిరి అన్నీ సన్న వేర్లే. తోటకూరకు ఒకటే లావు వేరు, నేరుగా కిందికి పోతుంది. మా చెనిక్కాయ చెట్టుకూ అంతే" అనింది. నేను అడిగిన ప్రశ్నకు పూర్తి జవాబు అది. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నేను సున్నా వేసింది వేర్ల పాఠానికి కాదు, 'డిఫరెన్షియేట్' అనే ఒక్క మాటకు.

పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదురు పేజీ తెలుగు ఉంది కదా, పిల్లలు తెలుగు పేజీ చదివి పుస్తకం మూసేస్తారు. ఇట్లాంటి పిల్లలకు మీరు ఏం చేస్తా ఉన్నారు? నలభై మంది ఉన్న క్లాసులో అయ్యే పని చెప్పండి.

జవాబు 1 (ఇంగ్లిష్ టీచర్, కుప్పం వైపు):

మేడమ్, మా దగ్గర ఇంకో మెట్టు ఎక్కువ. ఇంట్లో తమిళమో కన్నడమో, బళ్ళో తెలుగు, పుస్తకంలో ఇంగ్లిష్. నేను మొదట చేసిన పని, ప్రశ్నల్లో వచ్చే మాటలకు విడిగా ఒక చార్ట్ రాసి నల్లబల్ల పక్కన తగిలించడం. డిఫైన్, లిస్ట్, ఎక్స్‌ప్లెయిన్, డిఫరెన్షియేట్, గివ్ రీజన్స్. ఒక్కోదానికి ఎదురుగా తెలుగులో 'తేడా రాయండి', 'కారణం చెప్పండి' అని. రోజుకు ఒక మాట చాలు. పది పన్నెండు మాటలు పట్టుబడితే అన్ని సబ్జెక్టులకూ పనికొస్తాయి.

రెండోది, తప్పు ఎక్కడినుంచి వస్తుందో చూడండి. మన తెలుగులో 'ఇది గరిక' అంటే వాక్యం అయిపోయింది, క్రియ అక్కర్లేదు. అందుకే పిల్లలు 'దిస్ గ్రాస్' అని రాస్తారు. అది బద్ధకం కాదు, వాళ్ళ భాష లెక్క. నేను సగం వాక్యం బోర్డు మీద రాసిస్తాను: 'ఎ ట్యాప్ రూట్ హ్యాజ్...', 'బట్ ఎ ఫైబ్రస్ రూట్ హ్యాజ్...'. మిగతాది ముందు పక్కనోళ్ళతో తెలుగులో మాట్లాడుకొని, తర్వాత ఇంగ్లిష్‌లో నింపుతారు.

కెనడాలో పనిచేసిన జిమ్ కమిన్స్ అనే భాషా పరిశోధకుడు 1979లోనే మాటల భాష వేరు, చదువు భాష వేరు అని విడదీసి రాశాడు. అక్కడికి వలస వచ్చిన పిల్లలకు ఆటల్లో మాట్లాడే ఇంగ్లిష్ రెండేళ్ళకు వచ్చినా, పాఠాల ఇంగ్లిష్‌కు అయిదు నుంచి ఏడేళ్ళు పట్టిందట. చుట్టూ ఇంగ్లిష్ వినబడే ఊళ్ళోనే అన్నేళ్ళు. మన బిడ్డలు బడి గేటు దాటితే ఒక్క వాక్యం వినరు. ఆరో తరగతి పాపను మొదటి టెస్టుతో తూచవద్దు.

జవాబు 2 (తల్లి, తిరుపతి):

మా బాబు ఇంతకుముందు చదివిన ప్రైవేటు బడిలో తెలుగు మాట్లాడితే పది రూపాయలు ఫైన్. ఒకరోజు ప్యాంటు తడుపుకొని వచ్చాడు. టాయిలెట్‌కు పోవాలని ఇంగ్లిష్‌లో ఎట్లా అడగాలో గుర్తురాక గంటసేపు బిగబట్టుకొని కూర్చున్నాడంట. వాడికి అప్పుడు ఏడేళ్ళు. దయచేసి బిడ్డల నోరు మాత్రం కట్టేయకండి మేడమ్.

జవాబు 3 (రిటైర్డ్ హెడ్మాస్టర్, చంద్రగిరి):

అంతా బాగుందమ్మా. కానీ పదో తరగతి పబ్లిక్ పరీక్షలో పక్కన చార్ట్ ఉండదు. తెలుగు చెప్పి చెప్పి అలవాటు చేస్తే చివరికి నష్టపోయేది వాళ్ళే. ఎప్పుడు ఆపాలో కూడా ఇప్పుడే అనుకోండి.

ప్రశ్న వేసిన టీచర్:

సార్, మీ మాట నిజం. అందుకే చార్ట్‌లో తెలుగును సంక్రాంతి సెలవుల దాకే ఉంచుతాను, తర్వాత ఆ వరస మీద కాగితం అంటిస్తాను. సగం వాక్యాలు కూడా ఏడో తరగతికి తగ్గిస్తాను. కానీ మొదలే తీసేస్తే ఈ పాప పదో తరగతి దాకా రాదు, నడమనే చేలోకి పోతుంది. అట్లా పోయినోళ్ళను చూసినాను.

అమ్మా, మీ బాబు సంగతి చదివి మా క్లాసులో ఆ ఒక్క వాక్యం పొద్దున అందరి చేతా పలికించినాను. రాకపోతే తెలుగులో అడగొచ్చని కూడా చెప్పినాను.

కుప్పం మేడమ్, మీరు చెప్పినట్టే సగం వాక్యాలు రాసి మళ్ళా టెస్ట్ పెట్టినాను. ఈసారి గరిక, తోటకూర బల్ల మీద పెట్టి. ఆ పాప 'ఎ ట్యాప్ రూట్ హ్యాజ్ వన్ బిగ్ రూట్. బట్ ఎ ఫైబ్రస్ రూట్ హ్యాజ్ మెనీ స్మాల్ రూట్' అని రాసింది. కింద తెలుగులో ఇంకో లైను: 'మన్ను గట్టిగా పట్టుకుంటుంది.' దానికి ఇంగ్లిష్ ఏంది మేడమ్ అని పేపరు ఇచ్చేటప్పుడు అడిగింది. 'హోల్డ్స్ ద సాయిల్' అని చెప్తే, నిలబడే రాసుకొని పోయింది.