చెరువు డ్రోన్ సర్వే: జీసీపీలు పెట్టినా లెవెల్స్ కలుస్తలేవు, తల పగులుతున్నది

కట్టమీద_కాకి:
అన్నలారా పొద్దున తొమ్మిదింటి నుంచి ఇదే పట్టుకొని కూసున్న, ఇప్పుడు రాత్రి పదకొండు. పూడిక తీసే ముందు చెరువు లెవెల్స్ (నేల ఎత్తులు) కావాలంటే డ్రోన్ ఎగరేసిన, జీసీపీలు (స్థానం, ఎత్తు కొలిచిన నేల మీది గుర్తులు) ఆరు పెట్టిన, ఫొటోలను మెటాషేప్ సాఫ్ట్‌వేర్‌ల ప్రాసెస్ చేసి మోడల్ కట్టిన, రిపోర్ట్‌ల ఎర్రర్ 1.8 సెంటీమీటర్లు చూపిస్తే మంచిగనే వచ్చింది అనుకున్న. కాంట్రాక్టర్ తరఫు సర్వేయర్ ఆటో లెవెల్ (ఎత్తులు కొలిచే దుర్భిణి) పెట్టి శిఖంల, అంటే చెరువు అడుగుల, చూస్తే ఒకచోట 20, ఇంకోచోట 45 సెంటీమీటర్లు తేడా! కట్ట కాడ మాత్రం కరెక్ట్. మూడుసార్లు మొదట్నుంచి చేసిన, హై క్వాలిటీ పెట్టిన, ల్యాప్‌టాప్ కాలిపోతున్నది గానీ అదే తేడా. ఏం జేయాలె?

డాటమ్_బాబాయ్:
ఇది రోజూ చూసే గోలే. జీపీఎస్ ఇచ్చేది ఎలిప్సాయిడ్ (భూమిని లెక్క కోసం నున్నటి గుండుగా అనుకున్న ఆకారం) నుంచి ఎత్తు, ఆటో లెవెల్ వాళ్ళు వాడేది సముద్రమట్టం నుంచి ఎత్తు. మన హైదరాబాద్ చుట్టుపక్కల ఈ రెంటికీ సుమారు 76 మీటర్లు తేడా ఉంటది, జియాయిడ్, అంటే సముద్రమట్టపు ఉపరితలం, ఇక్కడ కిందికి ఉంది కాబట్టి. ఇంకోటి, మీ చెరువు ఎక్కడో చెప్పలేదు. నారాయణపేట, తాండూరు, జహీరాబాద్ అవన్నీ 78 డిగ్రీల రేఖాంశానికి పడమర, యూటీఎం (మ్యాప్ లెక్కలకి భూమిని నిలువు ముక్కలు చేసే పద్ధతి) జోన్ 43. మనవాళ్ళు అలవాటుగా అన్నిటికీ 44 కొట్టేస్తారు.

కట్టమీద_కాకి:
అన్నా నాకు తేడా 45 సెంటీమీటర్లు, 76 మీటర్లు గాదు. అలుగు మీద డిపార్ట్‌మెంట్ లెవెల్‌కి కలిపే చేసిన. జోన్ 44నే, చెరువు జనగామ దిక్కు.

రెండుముక్కలు:
చెక్ పాయింట్లు ఎన్ని?

కట్టమీద_కాకి:
ఆరు పెట్టిన అన్న గదా.

రెండుముక్కలు:
అవి మోడల్‌ని సరిదిద్దే కంట్రోల్. తప్పు చూసే చెక్ వేరు.

గొలుసు_తాత:
అసలు ఈ జీసీపీ అనే మాటే నాకు నచ్చదు. బెంచ్ మార్క్ అంటే సరిపోయేదానికి కొత్త పేర్లు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు మేం డంపీ లెవెల్ (పాతకాలం ఎత్తు కొలిచే దుర్భిణి), స్టాఫ్ (కొలత కర్ర) పట్టుకుని మోకాలి లోతు బురదలో 20 మీటర్లకో లెవెల్ తీశాం, ఒక్క బిల్లు వెనక్కి రాలేదు. ఇప్పుడు పైన గాలిపటం ఎగరేసి కింద లెవెల్ కలవట్లేదంటే ఎలా కలుస్తుంది బాబూ.

డాటమ్_బాబాయ్:
తాతగారూ బెంచ్ మార్క్‌కి ఎత్తు ఒకటే ముఖ్యం, దీనికి ఎక్స్ వై జెడ్ మూడూ కావాలి. తెలుగులో కావాలంటే ఆధార బిందువు అనండి.

గొలుసు_తాత:
నియంత్రణ బిందువు అని ఎవరో రాశారు ఎక్కడో. ఆధారం అంటే ఆధార్ కార్డు గుర్తొస్తోంది.

రెక్కల_గుర్రం:
అందరూ లెక్కల్లో పడ్డారు, ముందు అసలు సంగతి అడగండి. ఇది డబ్బులు తీసుకుని చేసే పని కదా? 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం డ్రోన్‌కి రిజిస్ట్రేషన్ నంబర్ ఉందా, ఎగరేసినవాడికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ ఉందా? 250 గ్రాములు దాటి రెండు కిలోల లోపు డ్రోన్‌కి సర్టిఫికెట్ అక్కర్లేదు అని అందరూ చెప్పుకుంటారు, అది సరదాకి ఎగరేసేవాళ్ళకే, బిల్లు పెట్టే పనికి కాదు. ముందస్తు అనుమతి అక్కర్లేని గ్రీన్ జోన్ అయినా 400 అడుగులు దాటొద్దు. రేపు ఎవడైనా కంప్లెయింట్ ఇస్తే నీ 1.8 సెంటీమీటర్లు ఎవరూ అడగరు.

కట్టమీద_కాకి:
పైలట్ వేరే అతను, సర్టిఫికెట్ ఉన్నది, 80 మీటర్ల ఎత్తులనే ఎగరేసిండు. దయచేసి తేడా సంగతి ఎవరన్నా చెప్పరా.

రెండుముక్కలు:
ఆరు పాయింట్లు ఎక్కడ పెట్టావు?

కట్టమీద_కాకి:
ఎక్కడ అంటే, కట్ట మీద. శిఖం మొత్తం బురద, అడుగు పెడితే దిగిపోతున్నం. పాత ఫ్లెక్సీలు వెనక్కి తిప్పి నల్ల పెయింట్ కొట్టి కట్ట పొడుగూతా వరసగా పెట్టిన.

రెండుముక్కలు:
అదీ సంగతి.

నాగేటిచాలు:
అయ్యో ఇది మొదటి మెసేజ్‌లోనే చెప్పాల్సింది తమ్ముడూ. పాయింట్లన్నీ ఒకే గీత మీద ఉంటే మోడల్ ఆ గీతని పట్టుకుని తలుపు బందుల మీద తిరిగినట్టు అటూ ఇటూ ఊగుద్ది. కట్ట దగ్గర కరెక్టుగానే ఉంటది, దూరం పోయే కొద్దీ తేడా పెరుగుద్ది. నీ 20 వచ్చిన చోటు కట్టకి ఎంత దూరం, 45 వచ్చింది ఎంత దూరం?

కట్టమీద_కాకి:
20 వచ్చింది 200 మీటర్ల కాడ, 45 అవతలి ఒడ్డుకు, 400 పైనే.

నాగేటిచాలు:
చూశావా, వంద మీటర్లకి పది సెంటీమీటర్ల లెక్కన వాలింది. ఇక ఆ 1.8 అంటావా, నువ్వు నేర్పిన పాఠమే నీకు అప్పజెప్పింది. మెటాషేప్‌లో టిక్ పెట్టిన పాయింట్లని మోడల్ సరిదిద్దుకోడానికి వాడుకుంటది, టిక్ తీసినవాటితోనే నిజమైన తప్పు బయటపడుద్ది. 40 ఎకరాల చెరువనుకో, 10 సెంటీమీటర్లకే 16 వేల క్యూబిక్ మీటర్లు, టిప్పర్లు నువ్వే లెక్కేసుకో.
మళ్ళీ ఎగరేయక్కర్లేదులే. అవతలి ఒడ్డున ఫొటోల్లో పక్కాగా కనపడేవి చూడు, మోటారు దిమ్మె మూల, కల్వర్టు మూల, ఎఫ్‌టీఎల్ రాయి (చెరువు నిండితే నీళ్ళు వచ్చే హద్దు రాయి) తల లాంటివి. రాయి తల మీద లెవెల్ తీసి నేల అని రాసుకోకు. అటు నాలుగు, పక్కలకి ఒక్కోటి తీసుకుని, అందులో రెండిటికి టిక్ తీసెయ్. కెమెరాస్ ఆప్టిమైజ్ నొక్కడం మాత్రం మర్చిపోకు, అది నొక్కకుండా ఎన్నిసార్లు మోడల్ కట్టినా పాతదే వస్తది. బురదలో పాయింట్ కొలిచే పోల్ మొన నాలుగు వేళ్ళు దిగిపోద్ది, కింద షాబాద్ బండ ముక్క ఒకటి వేసి దాని మీద నిలబెట్టి బండ మందం తీసెయ్.

డాటమ్_బాబాయ్:
పాయింట్లు చుట్టూ ఉన్నా మధ్యలో ఒక్కటైనా లేకపోతే మోడల్ గిన్నెలా వంగుద్ది, లెన్స్ వల్ల. కెమెరా నిట్టనిలువుగా పెట్టి ఒకే ఎత్తులో ఎగరేస్తే మరీ ఎక్కువ.

గొలుసు_తాత:
అంటే చివరికి బురదలో దిగాల్సిందే అన్నమాట. మేం అప్పుడే చెప్పాం.

రెక్కల_గుర్రం:
ఇన్సూరెన్స్ ఉందా ఆ డ్రోన్‌కి?

కట్టమీద_కాకి:
మోటారు దిమ్మెలు రెండు, కల్వర్టు, ఎఫ్‌టీఎల్ రాళ్ళు మూడు దొరికినయి. ఇప్పుడు 45 ఉన్నకాడ 5 వస్తున్నది, నడుమ ఇంక 8 ఉన్నది గానీ నడిచిపోతది. థాంక్స్ అన్నలు.

నాగేటిచాలు:
నడుమ 8 అంటే వదిలేయకు, ఒక్క పాయింట్ పెట్టు మధ్యలో.

కొత్తబిచ్చగాడు:
ఆ ఫ్లెక్సీ ఏ సైజులో కట్ చేశారు అన్నా? 80 మీటర్ల నుంచి కనపడిందా?