‘ఉపసంహరించుకోవడం జరిగింది’... ఎవరు ఉపసంహరించుకున్నారు?

ప్రశ్న:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. నార్మండీ దాడి (రెండో ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సేనలు ఫ్రాన్స్ తీరంలో దిగిన దాడి) మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. 1944 జూన్ 5న, అంటే దాడికి ముందు రోజు, మిత్రరాజ్యాల సర్వసేనాని, అమెరికన్ జనరల్ ఐసెన్‌హోవర్ ఒక చీటీ రాసి పర్సులో పెట్టుకున్నాడు. దాడి విఫలమైతే ఇవ్వాల్సిన ప్రకటన అది. నాలుగే వాక్యాలు. నాకు ఇలా వచ్చింది:

“షెర్బూర్-హావ్ర్ ప్రాంతంలో మా దళాలు తగినంత పట్టు సాధించడంలో విఫలమైనందున బలగాలను ఉపసంహరించుకోవడం జరిగింది. ఈ సమయంలో, ఈ ప్రదేశంలో దాడి చేయాలన్న నిర్ణయం అందుబాటులో ఉన్న అత్యుత్తమ సమాచారం ఆధారంగా తీసుకోబడింది. సైనికులు, వైమానిక దళం, నౌకాదళం ధైర్యంతోనూ కర్తవ్యదీక్షతోనూ చేయగలిగినదంతా చేశాయి. ఈ ప్రయత్నానికి ఏదైనా నింద లేదా తప్పు ఆపాదించబడితే అది నాది మాత్రమే.”

చదివితే కలెక్టరాఫీసు ప్రెస్ నోట్‌లా ఉంది. ఎక్కడ బెడిసిందో చెప్పగలరా?

మొదటి జవాబు:
బెడిసింది ‘జరిగింది’ దగ్గరేనండీ. ఆ చీటీ ఫొటో ఒకసారి చూడండి. అసలు కాగితం అమెరికాలో, కాన్సాస్ రాష్ట్రం అబిలీన్‌లోని ఐసెన్‌హోవర్ గ్రంథాలయంలో ఉంది. అందులో కొట్టివేతలున్నాయి. మొదట ఆయన రాసిందీ దాదాపు మీరు రాసిందే: బలగాలు ఉపసంహరించబడ్డాయి అని. దాన్ని కొట్టేసి ‘నేను బలగాలను ఉపసంహరించాను’ అన్నాడు. తర్వాతి వాక్యం ‘ఈ ఆపరేషన్’ అంటూ మొదలుపెట్టి, అదీ కొట్టేసి ‘దాడి చేయాలన్న నా నిర్ణయం’ అని మార్చాడు. ఆయన కొట్టేసినవే మీ అనువాదంలో మళ్లీ లేచి కూర్చున్నాయి.

‘తెలియజేయడమైనది’, ‘చర్యలు తీసుకోవడం జరిగింది’ వినీ వినీ మన చేతులు కూడా అలాగే తిరుగుతున్నాయి. పని అయింది, చేసినవాడు మాత్రం కనబడడు. తెలుగులో ఇంకో సౌకర్యం ఉంది. ఇంగ్లీషులో ఆయన ‘నేను’ అని విడిగా రాయక తప్పలేదు. మనకు ఆ మాట అక్కర్లేదు, ‘రప్పించాను’ అంటే చాలు, క్రియ చివర మనిషి నిలబడి ఉంటాడు. ‘నాది మాత్రమే’ కూడా తీసేయండి. ‘నా ఒక్కడిదే’ అనేది ఇంట్లో మాట, బరువూ ఎక్కువ.

రెండో జవాబు:
మాస్టారు వ్యాకరణం చెప్పారు. ఆ ‘నేను’ ఎందుకంత అవసరమైందో చరిత్ర వైపు నుంచి చెబుతాను.

ఈ దాడికి పథకం తయారు చేసే పని 1943లో బ్రిటిష్ జనరల్ మోర్గన్‌కు అప్పగించారు. ఆయన హోదా ఏమిటో తెలుసా? ‘నియమితుడు కాబోయే సర్వసేనానికి చీఫ్ ఆఫ్ స్టాఫ్’. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం! అమెరికన్లు, బ్రిటిష్ వాళ్లు కలిసి కూర్చుని నెలల తరబడి లెక్కలు వేశారు గానీ, అధిపతి ఎవరో తేలలేదు. ఆ ఏడాది నవంబరు చివర టెహరాన్‌లో మిత్రరాజ్యాల అధినేతల సమావేశంలో సోవియట్ నేత స్టాలిన్ సూటిగా అడిగాడు, ఈ దాడికి సేనాని ఎవరని. ఇంకా అనుకోలేదని అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ అంటే, అయితే ఇది జరిగే పని కాదన్నాడు. బాధ్యత ఒక పేరు మీద ఉండాలన్నది ఆయన పట్టు. మిగతా విషయాల్లో స్టాలిన్ ఏమైనా కానివ్వండి, ఇక్కడ మాత్రం సరిగ్గా పట్టుకున్నాడు. డిసెంబరులో ఐసెన్‌హోవర్ పేరు ఖాయమైంది.

1944 ఫిబ్రవరి 12న రెండు దేశాల సైన్యాధిపతుల ఉమ్మడి మండలి ఆయనకిచ్చిన ఆదేశంలో ‘మీరు ఐరోపా ఖండంలో ప్రవేశించాలి’ అని ఉంది. ‘మీరు’ అని వచ్చిన ఆర్డరుకు ‘నేను’ అని జవాబు రాసుకున్నాడన్నమాట.

ఇక ఆయన కింద ఉన్నదెవరు? ఉపసేనాని టెడ్డర్, నౌకాదళం రామ్సే, విమానాలు లీ-మలొరీ, నేల మీద మాంట్‌గోమరీ. నలుగురూ బ్రిటిష్ వాళ్లే. వాతావరణం చెప్పిన స్టాగ్ కూడా బ్రిటిష్ వైమానిక దళం ఆఫీసరే. దాడి జూన్ 5న జరగాలి. గాలివానతో ఒకరోజు వాయిదా పడింది. 4వ తేదీ రాత్రి పోర్ట్స్‌మత్ దగ్గరి సౌత్‌విక్ హౌస్‌లో స్టాగ్ వచ్చి, మధ్యలో కొద్దిపాటి తెరపి దొరుకుతుందన్నాడు. మాంట్‌గోమరీ వెళ్దామన్నాడు, టెడ్డర్, లీ-మలొరీ తటపటాయించారు. వదులుకుంటే అనువైన ఆటుపోట్ల కోసం రెండు వారాలు ఆగాలి. 5వ తేదీ తెల్లవారుజామున మళ్లీ కూర్చుని ఐసెన్‌హోవర్ ఖాయం చేశాడు. మీరు ‘అందుబాటులో ఉన్న అత్యుత్తమ సమాచారం’ అని రాసింది ప్రధానంగా ఆ తెరపి గురించేనని నా ఉద్దేశం.

అంతకు కొద్ది రోజుల ముందే లీ-మలొరీ, అమెరికన్ పారాచూట్ దళాలను దించితే ఘోరంగా నష్టపోతామని లిఖితపూర్వకంగా చెప్పాడు. ఐసెన్‌హోవర్ ఒంటరిగా ఆలోచించుకుని, దించి తీరాల్సిందే అన్నాడు. ఇప్పుడు దాడి ఓడిపోయిందనుకోండి. ‘నిర్ణయం తీసుకోబడింది’ అని ప్రకటన వస్తే వాషింగ్టన్‌లో బ్రిటిష్ వాతావరణ నిపుణుణ్ణి అంటారు, లండన్‌లో అమెరికన్ మొండితనాన్ని అంటారు. కర్త లేని వాక్యంలో ఎవరి పేరైనా ఇరికించవచ్చు. కూటమి చీలకుండా ఉండాలంటే ఆ ఖాళీలో తన పేరే వేసుకోవాలి. ఆ కొట్టివేతలు నాకు కనబడేది అలాగే. వినయం ఒక్కటే అయితే చివరి వాక్యం సరిపోయేది.

మూడో జవాబు:
మొదటి వాక్యంలో ‘మా దళాలు’ అన్నారు. ‘మన’ అనాలి కదా? ఇంగ్లీషుకు ఈ బాధ లేదు, మనకు తేల్చక తప్పదు. సేనలు దిగిన తీరాలకు పెట్టిన రహస్య పేర్లలో యూటా, ఒమాహా అమెరికన్లవి, గోల్డ్, స్వోర్డ్ బ్రిటిష్ వాళ్లవి, జూనో కెనడా వాళ్లది. ఓడల్లో నార్వే, పోలండ్, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ వాళ్లవీ ఉన్నాయి. స్వోర్డ్ ఎదుట ఆ తెల్లవారుజామున టార్పెడో తగిలి మునిగిన స్వెన్నర్ అనే యుద్ధనౌక నార్వే వాళ్లది. ప్రకటన చదివేది ఆ దేశాల జనమే. ‘మా’ అంటే వాళ్లను బయట నిలబెట్టినట్టే.

రెండో జవాబు ఇచ్చినవారు:
సైనిక ప్రకటనల్లో ‘మా’ అనడమే వాడుక. అయినా ఇక్కడ మీ మాటే నచ్చింది.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలండీ. మళ్లీ రాశాను:

“షెర్బూర్-హావ్ర్ ప్రాంతంలో దిగిన మన సేనలు గట్టిగా కాలూనలేకపోయాయి. బలగాలను వెనక్కి రప్పించాను. ఇప్పుడు, ఇక్కడ దాడి చేయాలని నేను నిర్ణయించింది దొరికినంతలో మంచి సమాచారం చూసుకునే. సైనికులు, వైమానిక దళం, నౌకాదళం తెగువతో, కర్తవ్యదీక్షతో చేయగలిగినదంతా చేశారు. ఈ ప్రయత్నంలో నింద గానీ తప్పు గానీ ఉంటే అది నా ఒక్కడిదే.”

ఒక్క సందేహం. చీటీ కింద తేదీ ‘జూలై 5’ అని ఉంది. జూన్ అని దిద్దేయనా?

మొదటి జవాబు ఇచ్చినవారు:
దిద్దకండి. ఆ టెన్షన్‌లో ఆయన వేసిన నెల అది, అలాగే ఉంచి కింద చిన్న అక్షరాల్లో అసలు తేదీ చెప్పండి. లేకపోతే ఫొటో పక్కన పెట్టుకుని చూసినవాడు మీరే పొరబడ్డారనుకుంటాడు. వీలైతే ‘ఉపసంహరించబడ్డాయి’ అనే మాటను కూడా అడ్డగీతతో అచ్చు వేయించి, దాని పక్కన ‘రప్పించాను’ పెట్టించండి.