ట్రాకింగ్ నంబర్ వస్తోంది, పార్సిల్ మాత్రం కదలట్లేదు

కొత్త_సెల్లర్:
డ్రాప్‌షిప్పింగ్ స్టోర్ అండి, సరుకు నా దగ్గర ఉండదు, సప్లయరే నేరుగా కస్టమర్‌కి పంపుతాడు. ఆర్డర్ పడిన రోజే సప్లయర్ ట్రాకింగ్ నంబర్ ఇస్తున్నాడు. కానీ నాలుగైదు రోజులు ‘లేబుల్ తయారైంది’ దగ్గరే ఆగిపోతోంది. ఈలోగా కస్టమర్లు ఛార్జ్‌బ్యాక్ (బ్యాంకు ద్వారా డబ్బు వెనక్కి అడగడం) వేస్తున్నారు. లోపం సప్లయర్‌దా, కొరియర్‌దా?

గోడౌన్_గురు:
చాలావరకు సప్లయర్‌దే. లేబుల్ కొట్టగానే నంబర్ పుడుతుంది, సరుకు చేతిలో ఉండక్కర్లేదు. స్టాక్ లేకపోయినా లేబుల్ తీసి పెట్టేసుకుంటారు.

షీట్‌లో ప్రతి ఆర్డర్‌కీ మూడు టైమ్‌లు రాయండి: ఆర్డర్ పడింది, లేబుల్ వచ్చింది, కొరియర్ మొదటి స్కాన్. చివరి రెండింటి మధ్య ఒక రోజు మామూలే, పికప్‌లో కాకుండా హబ్‌లో (కొరియర్ పార్సిళ్లు వేరుచేసే చోట) స్కాన్ అవుతుంటాయి. అంతకు మించితే, ఆలస్యం ఒక్క ఎస్‌కేయూకేనా (ఒక సైజు, ఒక రంగు ఐటమ్‌కి ఉండే కోడ్) అన్నిటికీనా చూడండి. ఒక్కదానికే అయితే స్టాక్ లేనట్టు. అన్నిటికీ అయితే ప్యాకింగో పికప్పో దెబ్బతింటున్నట్టు. సగటు నమ్మొద్దు. పదింట తొమ్మిది ఆర్డర్లు ఎన్ని రోజుల్లో స్కాన్ అవుతున్నాయో, సైట్‌లో హ్యాండ్లింగ్ టైమ్ (ఆర్డర్ పడ్డాక పంపడానికి పట్టే రోజులు) అంతే పెట్టండి.

రిటర్న్స్_డెస్క్:
ఛార్జ్‌బ్యాక్ సంగతి. ‘సరుకు అందలేదు’ అన్న కేసులో లేబుల్ సాక్ష్యంగా నిలబడదు. కొరియర్ డెలివరీ రికార్డు, కస్టమర్ ఇచ్చిన అడ్రస్‌తో సరిపోవాలి. అందుకే మొదటి స్కాన్ పడ్డాకే ‘షిప్ అయింది’ మెయిల్ వెళ్లేలా సెట్ చేయండి. గడువు దాటేలా ఉంటే కస్టమర్ అడక్కముందే మీరే చెప్పి, ఆగుతారా రిఫండ్ కావాలా అనడగండి.

అమెజాన్‌లో కూడా అమ్ముతుంటే ఇంకా జాగ్రత్త. అమెజాన్ గోడౌన్ నుంచి కాకుండా సొంతంగా పంపే ఆర్డర్లలో లేట్ షిప్‌మెంట్లు 4 శాతం లోపు, మీరు రద్దు చేసేవి 2.5 శాతం లోపు ఉండాలి. పార్సిల్‌లో సప్లయర్ పేరుతో బిల్లు కనిపించినా అక్కడ రూల్ తప్పినట్టే.

స్టాక్_సింక్:
స్టాక్ ఫీడ్ (సప్లయర్ దగ్గర ఎంత సరుకు ఉందో చెప్పే లిస్టు) ఎన్ని గంటలకోసారి వస్తోందో అడగండి. ఆరు గంటలకోసారైతే, ఆ మధ్యలో అదే సరుకు మిగతా సెల్లర్లూ అమ్మేస్తుంటారు. సప్లయర్ దగ్గర ఐదు లోపు మిగిలితే మీ స్టోర్‌లో సున్నా చూపించండి. వేగంగా పోయే వాటికి ఐదు కూడా చాలదు.

రెండో సప్లయర్‌ని పెట్టుకునేటప్పుడు ఇద్దరి సైజులు, రంగులు ఏది దేనికి సరిపోతుందో ఒక్కొక్కటీ మ్యాప్ చేయండి. ఒకరి ‘ఎం’ కొలతలు ఇంకొకరి ‘ఎల్’వి అవుతుంటాయి. టెస్ట్ ఆర్డర్ పెట్టి టేపుతో కొలవడం తప్ప వేరే దారి లేదు.

కొత్త_సెల్లర్:
ఒకే ఆర్డర్‌లో ఇద్దరు సప్లయర్ల ఐటమ్స్ ఉంటే?

గోడౌన్_గురు:
ఐటమ్‌వారీగా విడివిడి ట్రాకింగ్ ఎక్కించండి. మొదటి నంబర్ రాగానే ఆర్డర్ మొత్తాన్ని పూర్తయినట్టు మార్క్ చేయొద్దు. చేస్తే రెండో ఐటమ్ పెండింగ్ లిస్టులోంచి మాయమవుతుంది, దాన్ని ఎవరూ పంపరు.