జైళ్లు పెంచాలా, షూరిటీ తేలిక చేయాలా?

మారతహళ్ళి వాసి:
మన బెంగళూరు ఫ్రీడం పార్కు ఒకప్పటి సెంట్రల్ జైలు. ఎమర్జెన్సీలో అద్వానీని పెట్టింది అక్కడే. ఇప్పుడు జైలు పరప్పన అగ్రహారలో ఉంది, అదీ కిక్కిరిసింది. ఇంకోటి కట్టాలంటున్నారు కొందరు. నేనొప్పుకోను. 2022 చివరికి దేశం మొత్తం జైళ్లలో చోటు 4,36,266 మందికి, ఉన్నది 5,73,220 మంది. అందులో 4,34,302 మందికి ఇంకా శిక్షే పడలేదు, విచారణ ఖైదీలు!

చిక్‌పేట షాపు:
లెక్కలు బాగానే ఉన్నాయండీ. మా గల్లాపెట్టె పగలగొట్టినవాడు బెయిల్ మీద వచ్చి మళ్లీ కోర్టు గడప తొక్కలేదు. వారెంట్లు తిరుగుతూనే ఉన్నాయి. లోపలుంటేనే కేసు నడుస్తుంది.

మారతహళ్ళి వాసి:
మీ కోపం న్యాయమే. కానీ మీ దొంగకి షూరిటీ, అంటే పూచీ పడే మనిషి, దొరికాడు, బయటపడ్డాడు. దొరకనివాళ్ల సంగతేంటి? మడకశిర నుంచి వచ్చి ఇక్కడ సెంట్రింగ్ పని చేసేవాడికి బెయిలొచ్చినా, ఈ చుట్టుపక్కల పహాణీ (భూమి కాగితం) ఉన్న మనిషిని తెమ్మంటే ఎవర్ని తెస్తాడు? మేస్త్రీ ఫోనే ఎత్తడు. 1978లో మోతీరాం కేసులో సుప్రీంకోర్టు జస్టిస్ కృష్ణయ్యర్ అడిగింది ఇదే: తెలుగువాడో కన్నడిగుడో బస్తర్‌లో అరెస్టయితే, అక్కడ ఆస్తి ఉన్న షూరిటీని ఎలా తెస్తాడని. ఆ మోతీరాం కూడా తాపీ పనివాడే. స్థానిక షూరిటీ షరతు పెట్టొద్దని 2023లో సుప్రీంకోర్టు మళ్లీ సూచించాల్సి వచ్చింది. 45 ఏళ్ల తర్వాత!

కేఆర్‌పురం లాయరమ్మ:
అన్నా, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు లోపలే గడిపేస్తే బాండు మీద వదలాలని సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన కొత్త నాగరిక్ సురక్షా సంహిత 479 సెక్షన్ చెబుతోంది (ఉరి, యావజ్జీవం పడే కేసులకి కాదు). 5,000 లోపు దొంగతనం మొదటిసారైతే, సొత్తు తిరిగిచ్చేస్తే, సమాజ సేవే శిక్ష. ఏ పని చేయించాలి, హాజరు ఎవరు వేయాలి అన్నది మాత్రం చట్టంలో లేదు. ఇక శిక్ష పడ్డవాళ్లకి రాజస్థాన్ సాంగానేర్ ఓపెన్ జైలు పద్ధతి నాకు నచ్చుతుంది: కుటుంబంతో ఉంటారు, పగలు బయట పని చేసుకుంటారు, హాజరుకి తిరిగొస్తారు. మన అనంతపురంలోనూ ఓపెన్ ఎయిర్ జైలుంది కదా.

చిక్‌పేట షాపు:
హంతకుణ్ణి భార్యాపిల్లలతో ఉంచడం నాకు మింగుడుపడదమ్మా. ఆ మూడో వంతు సంగతి సరే. కానీ వదిలినవాడు వారానికోసారి సొంతూరి స్టేషన్లో అయినా సంతకం పెట్టాలి. అది లేకపోతే నా ఓటు కొత్త జైలుకే.