అప్‌డేట్: అక్క ఇంటి క్లీనింగ్‌కి, పెరటి పనికి ఎన్‌డీఐఎస్ ఒప్పుకుంది

మెల్‌బోర్న్‌లో ఉండే మా అక్కకి స్ట్రోక్ తర్వాత ఎడమ చెయ్యి, కాలు స్వాధీనంలో లేవని, ఇంటి క్లీనింగ్‌కి, గడ్డి కోయించడానికి ఎన్‌డీఐఎస్ (వైకల్యం ఉన్నవాళ్లకి ఆస్ట్రేలియా ప్రభుత్వం సాయం చేసే పథకం) డబ్బులిస్తుందా అని ముందు పోస్ట్‌లో అడిగాను కదా. ఇచ్చారండీ! కొత్త ప్లాన్‌లో కోర్ బడ్జెట్ (రోజువారీ సాయానికి ఇచ్చే డబ్బు) కింద రెండూ వచ్చాయి.

పని చేసింది ఆక్యుపేషనల్ థెరపిస్ట్ (రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో చూసే నిపుణురాలు) రిపోర్టే. ఆవిడ ఇంటికొచ్చి, అక్క చేత వాక్యూమ్ పట్టించి చూశారు. "ఇంటి పని కష్టం" అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. షవర్‌లో నేల రుద్దడానికి వంగితే పక్కకి ఒరిగిపోతోందని, ఒంటిచేత్తో మోవర్ తిప్పలేదని ఒక్కో పనీ విడిగా రాశారు. ఇంట్లో ఇంకెవరైనా చేయగలరా అన్నది కూడా ఎన్‌డీఐఎస్ వాళ్లు చూస్తారు. అందుకే బావ నడుం ఆపరేషన్ సంగతి కూడా రాయించాం. ఇది మాత్రం మర్చిపోకండి.

అద్దె, సరుకుల్లాంటి మామూలు ఖర్చులకి ఇవ్వరు. ఎన్‌డీఐఎస్‌కి 65 ఏళ్లు రాకముందే అప్లై చేయాలి. కాదన్నారని టెన్షన్ పడి వదిలేయకండి, మూడు నెలల్లోపు ఇంటర్నల్ రివ్యూ (ఆ నిర్ణయాన్ని వాళ్లనే మళ్లీ చూడమనడం) అడగొచ్చు. రిపోర్ట్ సంగతి చెప్పినవాళ్లందరికీ అక్క తరఫున చాలా థాంక్స్.